బొట్టున్న బండి

మాధవరం పాలకాలనీ దాటి చెరువు పక్కగా పోతే ఎడమేడ అని ఒక చోటు ఉండేది. అరవంలో ఎడ అంటే తూకం, మేడ అంటే తిన్నె. లారీని సరుకుతో సహా నిలబెట్టి తూకం వేసే పెద్ద ఇనప పలక అది. పక్కన తాళం వేసిన ఒక గది, గది వెనక చెరువు నిండితే నీళ్లు పొర్లే కలుజు కాలవ. తూకం వేసేది ఎప్పుడో మానేసినారు. గది గోడలు పెచ్చులూడినాయి. పలక మాత్రం రోడ్డు వార అట్లే ఉండింది.

ఆడ బండి బరువెక్కుతాదని పేరు.

సైకిలు గానీ, లారీ గానీ... పొద్దు గూకినాక ఆ పలక పక్కన పోతే చాలు, ఎవురో వెనక పట్టుకొని లాగినట్టు ఉంటాదంట. తొక్కేవాడు తొక్కతానే ఉంటాడు. బండి మాత్రం కదల్లేక కదల్లేక కదులుతాది.

పాలకాలనీలో టీ బంకు పెట్టుకున్న ఆరోగ్యసామి ఒకప్పుడు ఆ ఎడమేడలోనే గుమాస్తా. అతను చెప్పేది ఏందంటే — మునెమ్మ అని ఒకామె ఆడ లారీవాళ్లకు ఇడ్లీ అమ్ముకుంటా ఉండేదంట. ఒక వాన రేత్రి ఇంటికి పోవాలని వచ్చే ప్రతి బండికీ చెయ్యి ఎత్తింది. ఒక్కడూ ఆపలేదు. కడాకు వచ్చిన లారీవాడు ఆమెను చూడనే లేదు. గుద్దేసి పోయినాడు.

"అప్పట్నుంచీ బండి కోసరం నిలబడే ఉండాది ఆయమ్మ," అనేవాడు ఆరోగ్యసామి గొంతు తగ్గించి. "బొట్టు లేని బండి అయితే ఎక్కి కూర్చుంటాది. బొట్టున్న బండి ఎక్కలేదు. వెనక పట్టుకొని వేలాడతాది... అంతే."

ఎక్కితే ఏమవుతాది అని అడిగితే మాత్రం చెప్పడు. టీ గ్లాసులు కడుక్కుంటా ఉంటాడు.

నాకు ఇట్లాంటి మాటలంటే ఒళ్లు మంట. నా పేరు భువనేశ్వరి. జార్జి టౌన్‌లో కార్ల స్పేరు పార్టుల అంగడి మాది. మా ఆయన పోయినాక గల్లాలో నేనే కూర్చుంటా ఉండాను. బండికి పేయి పట్టిందక్కా, దెయ్యం పట్టిందక్కా అని ఏడుస్తా వచ్చినోళ్లను ఎంతమందిని చూసినానో! అందరికీ నేనిచ్చే తాయెత్తు ఒకటే, కొత్త కండెన్సరు. బిగించుకొని పోయినాక దెయ్యం మాట మళ్లీ ఎత్తినవాడు లేడు.

మా అన్న జయరామ్ కూడా అట్లాంటోడే అనుకునేదాన్ని. కోడంబాక్కంలో ఆయనకు వర్క్‌షాపు. సినిమా కంపెనీల బండ్లు సగం ఆయన చేతి కిందే. నా కొడుకు భరణి ఆ సినిమాల్లోనే కార్లు ఎగరేసే స్టంటు డ్రైవరు. అన్న కూతురు శ్రీప్రియనే వాడికి చేసుకున్నాం. మేనమామే పిల్లనిచ్చిన మామ అయినాడు. వాళ్లిద్దరూ ఒకచోట కూర్చున్నారంటే ఇంజను మాటలే, నేనూ నా కోడలూ ఉండామా పోయినామా కూడా పట్టదు.

ఇది తొంభై నాలుగో ఐదో... ఆయుధపూజ అయిన కొత్తలో జరిగింది.

ఒక సినిమా కోసరం అన్న ఒక పాత ఫియట్టును తయారు చేసినాడు. హెడ్డు చెక్కించి, రెండు కార్బొరేటర్లు ఎక్కించి, యాడనుంచో తెప్పించిన పెద్ద కాయిలు బిగించినాడు. పైకి చూస్తే టాక్సీ మాదిరే ఉంటాది. యాక్సిలేటరు తొక్కితే వీపు పోయి సీటుకు అతుక్కుంటాది.

ఆ కారుతో భరణి కలుజు కాలవ మీద ఎగరాలి. ఎడమేడ పక్క రోడ్డులో స్పీడు అందుకోవాలి, చెక్క పలకలతో కట్టిన ర్యాంపు ఎక్కాలి, కాలవ దాటి అవతలి గట్టున దిగాలి. తెల్లారుజామున మంచు ఉండంగానే కావాలన్నాడు డైరెక్టరు. కాలవలో అప్పటికి నీళ్లు తక్కువ, రాళ్లు ఎక్కువ. ర్యాంపు కాడ ఇంజను ఒక్క పిసరు తడబడిందా... కారు ముక్కు మీద ఆ రాళ్లల్లో పడతాది.

వాడు నాకు ఒక్కగానొక్క కొడుకు. ఇంకేం చెప్పేది.

మొదటి ట్రయలు రేత్రి పూట పెట్టుకున్నారు. పగలైతే లారీలు. కోడంబాక్కం నుంచి మాధవరం దాకా కారు హాయిగా వచ్చింది. ఎడమేడకు ముందు భరణి కాలు అదిమినాడు.

అంతే. పుల్లింగు పోయింది.

ఒక కుదుపు. ఇంకో కుదుపు... ఇంజను దగ్గుతా, తడబడతా — పలక పక్కకు వచ్చేతలికి మనిషి నడక. తొక్కే కొద్దీ ఇంకా బరువు. ఆ పలక దాటి, వెనక్కి తిరిగి, చెరువు పక్క వదిలేసి పాలకాలనీకి వచ్చేతలికి మళ్లీ ఏమీ ఎరగనట్టు పరిగెత్తింది.

"టైమింగు," అన్నాడు అన్న. "ఇంకేమీ లేదు."

ప్లగ్గులో నిప్పు ఎప్పుడు పడాలో అదే టైమింగు. తొందరగా పడితే ఇంజను లోపల సుత్తులు మోగతాయి. ఆలస్యంగా పడితే బలం ఉండదు. ఏ ప్లగ్గుకు ఎప్పుడు అని ఆ నిప్పును పంచిపెట్టేది డెల్కో. దాని మూత తీసినాడు అన్న. లోపల పగులు లేదు, మసి గీత లేదు. పాయింట్లు కొత్తవి వేసినాడు. రోటరు మార్చినాడు. కండెన్సరు నా అంగడి నుంచే పోయింది. ప్లగ్గు వైర్లు కూడా కొత్తవే. వేగానికి తగ్గట్టు టైమింగును ముందుకు జరిపే బరువులు, స్ప్రింగులు లోపల ఉంటాయి గదా, అవి కూడా ఊడదీసి కడిగినాడు.

టైమింగు లైటు పట్టి చూసినాడు. గుర్తు మీద గుర్తు, ఇట్లా అట్లా కదల్లేదు.

కోడంబాక్కంలో తిప్పి చూస్తే కారు గాలిలో పోయింది. సంతోషంగా రేత్రికి మళ్లీ మాధవరం పోయినారు. ఎడమేడ కాడ... మళ్లీ అదే కథ.

డెల్కోను వెంట్రుకంత ఇటు తిప్పి చూసినాడు, సుత్తులు మోగినాయి. అటు తిప్పి చూసినాడు, ఇంజను కాగిపోయింది. ఏ పక్క తిప్పినా ఎడమేడ కాడ మాత్రం బరువు బరువే. లైటు బాయ్‌లు అప్పటికే దూరంగా నిలబడి గుసగుసలు మొదలుపెట్టినారు. ఎవురో బంపరుకు నిమ్మకాయలు కట్టినారు. ఎప్పుడూ అయితే అన్న తిట్టి పెరికేసేవాడు. ఆ పొద్దు ముడి ఊడిపోకుండా ఇంకోసారి బిగించినాడంట! ఆ సంగతి విన్నప్పుడు నాకు మొదటిసారి భయం పట్టుకొనింది.

ఇంట్లో శ్రీప్రియ నోరు ఊరుకోలేదు.

"కొరివితో తల గోక్కోవద్దు. ఆ కారు ఎగరదు అని చెప్పేసి రా," అనింది వాడితో.

"చెప్తే ఇంకొకణ్ణి కూర్చోబెడతారు. వాడు పడితే?"

"పడనీ! వాడి పెళ్లాం ఏడ్చుకుంటాది, నేను గాదు."

"అట్లనొద్దు పాప," అన్నాడు వాడు మెల్లగా. తాటాకు చప్పుళ్లకు బెదిరే రకం గాదు నా కొడుకు. కానీ అన్నం మాత్రం కెలికి లేచిపోయినాడు.

కోడలు కారు తాళం చెవిని బియ్యం డబ్బాలో దాచిపెట్టింది. వాడు వెతకను కూడా లేదు, వైర్లు కలిపి స్టార్టు చేసుకున్నాడు. "అత్తా, నువ్వైనా చెప్పకూడదా," అని నా మీద పడింది. నేనేం చెప్పేది? ఇంజను నమ్మకంగా లేకపోతే నేనే అడ్డం పడుకుంటాను అన్నాను. తెల్లారితే షూటింగు.

ఆ రేత్రి అన్న తానే భరణి పక్క సీట్లో కూర్చున్నాడు. ఇదంతా వాళ్లిద్దరూ వేరే వేరేగా నాకు చెప్పిందే.

సాయంత్రం వాన పడి వెలిసింది. చెరువు మీదనుంచి తెల్లగా మంచు పాకతా ఉండింది. రోడ్డంతా చెమ్మ. అద్దం తుడిచే కొద్దీ మళ్లీ తడుస్తా ఉండింది. ఎడమేడ గది కనపడింది. భరణి కాలు అదిమినాడు...

కుదుపు.

"తొక్కు," అన్నాడు అన్న.

"తొక్కే ఉండాను మామా."

ఇంకో కుదుపు. ఇంజను గొంతు పట్టుకున్నట్టు మూలిగింది. వెనక సీటు కిందికి కుంగినట్టు... అన్నకు అట్లే అనిపించిందంట. తల తిప్పి చూడలేదు. తిప్పబుద్ధి కాలేదంట.

"పక్కకు తీసి ఆపు. ఈడనే చూస్తాను. ఈడ వచ్చే జబ్బును కోడంబాక్కంలో వెతికితే యాడ దొరుకుతాది?"

భరణి స్టీరింగు ఎడమకు తిప్పినాడు. కారు దొర్లుకుంటా పోయి ఇనప పలక మీద ఆగింది.

ఖణ్.

పలక కింద ఇనుము ఇంకా బతికే ఉండింది. బరువు పడంగానే ఒక్క రవ్వ కుంగి, ఎడా పెడా ఊగి నిలిచింది. అన్న దిగితే ఒకసారి ఖణ్. భరణి దిగితే ఒకసారి ఖణ్. ఎక్కేవాళ్లను, దిగేవాళ్లను ఆ పలక లెక్క చెప్తా ఉంది. తాళం వేసిన గది లోపల తూకం ముల్లేదో కదిలి గోడకు తగిలిన చప్పుడు వచ్చిందంట.

బానెట్టు ఎత్తినారు. భరణి టార్చి పట్టుకున్నాడు. అన్న టైమింగు లైటు తగిలించి చూసినాడు. గుర్తు మీద గుర్తు. కదల్లేదు. లైటు తీసి పక్కన పెట్టేసి, కార్బొరేటరు కాడ చేత్తో లాగి ఇంజనును గుర్రుమనిపించినాడు. వదిలినాడు. మళ్లీ లాగినాడు. ఒక్కోసారి ఇంజను ఎక్కిళ్లు పెట్టినట్టు ఒక దెబ్బ తప్పతా ఉండింది. యాడ తప్పతా ఉండాదో మాత్రం కనపడలేదు.

మంచు బానెట్టు లోపలికి కూడా వచ్చేసింది. టార్చి వెలుతురులో అంతా తెల్లగా...

"టార్చి ఆర్పితే గదా కనపడేది."

మెల్లగా వినపడింది ఆ మాట, ఇంజను చప్పుడు చాటున. భరణి టార్చి ఆర్పేసినాడు.

కటిక చీకటి. అన్న చేత్తో ఇంకోసారి లాగినాడు.

అప్పుడు కనపడింది — డెల్కో మూత మీద నీలంగా ఒక దారం. సన్నగా, వణకతా, బతికున్న దాని మాదిరి పాకతా... పైనుంచి కిందికి దిగి ఇనుములోకి పోతా ఉంది. ఆరిపోయింది. మళ్లీ పాకింది. అది పాకినప్పుడల్లా ఇంజను ఒక దెబ్బ తప్పింది.

భరణి రెండడుగులు వెనక్కి పోయినాడంట. పలక ఊగింది.

"కదలొద్దు," అన్నాడు అన్న. ఆ నీలం దారం యాడ పాకతా ఉండాదో చూసినాడు. చూసి, నెత్తి కొట్టుకున్నాడు.

అది ఆయన పెట్టిన బొట్టు!

ఆయుధపూజ నాడు ఆయన చేత్తోనే వర్క్‌షాపులో స్పానర్లకు, జాకీలకు, ఇంజన్లకు అన్నిటికీ గంధం పూసి కుంకం పెట్టినాడు. డెల్కో మూత మీద అయితే పై నుంచి కింది దాకా నిండుగా నామం మాదిరి దిద్దినాడు, ఎగరబోయే కారు గదా అని. పూజ బొట్టు తుడవకూడదు, దానంతట అదే రాలిపోవాలి. మా ఇండ్లల్లో అంతే. అందుకే మూత తీసిన ప్రతిసారీ రెండు వేళ్లతో అంచు పట్టుకొని, బొట్టు చెదరకుండా తీసి, శుభ్రమైన గుడ్డ మీద పెట్టి, లోపల మాత్రం చూసి మళ్లీ బిగించినాడు. చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతికినట్టు, వెలుపలి పక్క మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు.

ఎండగా ఉన్నప్పుడు ఆ గంధం ఏమీ చెయ్యదు. చెరువు చెమ్మకు తడిసిందంటే నిప్పుకు అదే దోవ అవుతాది. మామూలు టాక్సీ అయితే దానికీ తట్టుకునేది. ఇది హెడ్డు చెక్కిన ఇంజను, లోపల గాలి గట్టిగా అణిగి ఉంటాది. కాలు అదిమేకొద్దీ ప్లగ్గు కాడ నిప్పు దూకడం కష్టం. ముందు వాకిట్లో తోపులాట అయితే జనం దొడ్డిదోవన పోతారు గదా, నిప్పు కూడా అట్లే బొట్టు మీదుగా జారుకొనింది. అందుకే నిలబెట్టి చూస్తే టైమింగు సరిగ్గా ఉంది. అదిమితే బలం లేదు. ఎడమేడ కాడే ఎందుకంటే, అదిమేదీ ఆడనే, చెమ్మా ఆడనే.

అన్న ఇంజను ఆపినాడు. గుడ్డను పెట్రోలులో తడిపినాడు.

"మామా..." భరణి చెయ్యి పట్టుకున్నాడు. "వేణాం. ఈడ తుడవొద్దు. కోడంబాక్కం పోయి తుడుద్దాం."

"ఈడ సరిపోయిందో లేదో ఈడనే గదరా చూడాలి? రేపు నువ్వు ఎగిరేది కోడంబాక్కంలోనా?"

ఆరోగ్యసామి మాట ఇద్దరికీ గుర్తుండాది. ఇద్దరూ అది ఎత్తలేదు.

అన్న కళ్లు మూసుకొని ఒక దండం పెట్టుకొని, గంధం, కుంకం అంతా తుడిచేసినాడు. పొడి గుడ్డతో మళ్లీ తుడిచినాడు. డెల్కో మూత నల్లగా, బోసిగా మిగిలింది. ఆ చేత్తోనే బంపరుకున్న నిమ్మకాయల దండ కూడా పెరికి కాలవలోకి విసిరినాడు. దెయ్యం లేదని తేలింది గదా, ఇంకా ఎందుకు అని.

ఇంజను చప్పుడు లేదు. గాలి లేదు. ఇద్దరూ బానెట్టుకు చెరొక పక్క, ఉన్నచోటే నిలబడి ఉండారు.

ఖణ్.

పలక కుంగింది. ఊగింది. నిలిచింది.

"నువ్వు కదిలినావా?" అన్నాడు అన్న.

"లేదు మామా... నువ్వు?"

"పాత ఇనుములే. చలికి బిగుసుకుంటాది." ఆయన గొంతు ఆయనకే ఎవురిదో మాదిరి వినపడిందంట. "ఎక్కు. పోదాం."

స్టార్టు చేస్తే ఒక్క తిప్పుకే లేచింది. వెనక్కి పోయి మళ్లీ వచ్చినారు. ఎడమేడ కాడ భరణి కాలు అదిమినాడు. కుదుపు లేదు, దగ్గు లేదు... కారు ఈల వేసుకుంటా దూసుకుపోయింది. ర్యాంపు ముందర గట్టిగా బ్రేకు కొట్టి ఆపాల్సి వచ్చింది. ఇంకోసారి పోయినారు, ఇంకోసారి అట్లే.

ఇంటికి వచ్చి అన్న చెప్తా ఉంటే నేనూ కోడలూ పడీ పడీ నవ్వినాం. శ్రీప్రియ నవ్వతానే ఏడ్చేసింది. "నీ భక్తి తగలెయ్య! నీ బొట్టే అల్లుడి కొంప ముంచేది గదన్నా," అన్నాను. తల వంచుకొని ఆయనా నవ్వినాడు. భరణికి ఆకలేసింది. నేను వేడి అన్నం పెడితే పెరుగన్నం దాకా కడుపునిండా తిన్నాడు. అప్పటికి అన్న దొడ్లో చేతుల గ్రీజు కడుక్కుంటా ఉండాడు.

నేను వాడి షూటింగు చూసేదానికి ఎప్పుడూ పొయ్యేదాన్ని గాదు. ఆ తెల్లారుజామున మాత్రం పోయినాను. భయం పోయింది గదా. నా కొడుకు ఎగిరేది ఒక్కసారైనా కళ్లారా చూడాలనిపించింది. శ్రీప్రియ మాత్రం రానంది.

ర్యాంపు పక్కన గట్టు మీద నేనూ అన్నా నిలబడినాం. డైరెక్టరు అడిగినట్టే మంచు దట్టంగా పట్టింది. దూరంగా, రోడ్డు ఆ చివర కారు లైట్లు రెండు మసగ్గా కనపడతా ఉండినాయి. ఎర్రజెండా మనిషి చెయ్యి పైకెత్తి నిలబడినాడు. ఆ చెయ్యి దించితే భరణి బయల్దేరాలి.

"నీ కొడుకు గట్టోడే భువనా," అన్నాడు అన్న నా చెవి కాడ. "నా బుర్రకు తట్టనిది వాడికి తట్టింది. టార్చి ఆర్పితే గదా కనపడేది అన్నాడు చూడు... ఆ మాట అనకపోతే ఈపొద్దుకీ నేను టైమింగు తిప్పుకుంటానే ఉందును."

నేను నవ్వినాను. "వాడేడ అన్నాడు? నువ్వన్నావంట గదా. మామ అన్నాడు, నేను ఆర్పినాను అని రేత్రి అన్నం తింటా వాడే చెప్పినాడు."

అన్న నా వైపు తిరిగినాడు.

"నేనేమీ అనలేదు."

"అనలేదా?"

"లేదు భువనా."

ఆ చీకట్లో ఆడ ఉండింది వాళ్లిద్దరే. అన్న మొగంలో రక్తం చుక్క లేదు.

"బొట్టు... తుడిపించింది," అన్నాడు.

జెండా దిగింది.

నా కాళ్లు వాటంతట అవే రోడ్డు మీదికి లేచినాయి. అన్న నా చెయ్యి దొరకబుచ్చుకున్నాడు. "అడ్డం పోవద్దు! నిన్ను చూస్తే పక్కకు తిప్పుతాడు. ఆ స్పీడులో తిప్పితే..." మిగతాది చెప్పాల్సిన పనీ లేదు.

కారు వస్తా ఉంది. ఇంజను అరుపు దగ్గరవుతా ఉంది. లైట్లు పెద్దవవతా ఉండాయి. ఎడమేడ గది పక్కకు వచ్చింది...

అరుపు తగ్గింది.

ఒక్క క్షణం. గొంతు నొక్కినట్టు ఇంజను కిందికి దిగింది. ఆ చప్పుడు నాకు తెలుసు. ఇంజన్ల మధ్యన బతికినదాన్ని, నాకు తెలియకపోతే ఎవురికి తెలుస్తాది?

నా నోట్లోంచి కేక రాలేదు. గుసగుసే వచ్చింది. దెయ్యాల మాటంటే ఒళ్లు మంట అనే నేను, కండెన్సరు మార్చుకోపొమ్మని అందర్నీ ఎగతాళి చేసే నేను, ఆ మంచులోకి చూస్తా చేతులు జోడించినాను.

"దిగవే తల్లీ... వాడు వద్దు. వాడికి పెళ్లాం ఉండాది. నన్ను ఎక్కు. నేను మోస్తాను. నిన్ను ఎవురూ ఎక్కించుకోలేదు గదా, నేను ఎక్కించుకుంటాను. యాడికి పోవాలో చెప్పు, ఆడికి తీసుకపోతాను. నా బిడ్డను ఇడ్సిపెట్టు..."

ఇంజను గొంతు విప్పింది.

కారు మా ముందు నుంచి దూసుకుపోయింది. ర్యాంపు పలకలు దడదడలాడినాయి. నాలుగు చక్రాలూ గాలిలో... కాలవ మీద, మంచు మీద... అవతలి గట్టున ధన్‌మని పడి, రెండుసార్లు ఎగిరి, అడ్డం తిరిగి ఆగింది.

డోరు తెరుచుకొనింది. నా కొడుకు దిగినాడు. చెయ్యి ఊపినాడు.

జనం ఈలలు, చప్పట్లు. అన్న గట్టు మీద కూలబడి చిన్నపిల్లోడి మాదిరి ఏడ్చినాడు. చుట్టూ తిరిగి వచ్చి భరణి నన్ను పట్టుకున్నాడు.

"భయపడినావా అమ్మా?"

"ఎడమేడ కాడ ఇంజను దిగిందే... ఏమైంది రా?"

"గేరు మార్చినానమ్మా," అన్నాడు వాడు నవ్వతా. "గేరు మార్చేటప్పుడు కాలు తియ్యాలి గదా. అంతే. అరె, ఎందుకట్లా వంగిపోయినావు? నేరుగా నిలబడు."

"అవున్రా," అన్నాను. "గేరే."

నేరుగా నిలబడాలనే చూసినాను.

ఆ పొద్దు నుంచీ నాకు భుజాలు బరువు. మెడ ఎముకలు అరిగినాయి, గల్లాలో కూర్చొనీ కూర్చొనీ వచ్చిందిది అంటాడు డాక్టరు. అట్లే ఉంటాది లెండి అంటాను. వాడు బాగుండాడు, కోడలు బాగుండాది, నాకు అది చాలు. ఏడ్చింది లేదు, గుళ్లు తిరిగింది లేదు. నేను పిలిస్తే వచ్చింది గదా, తరిమేదానికి మనసు రాదు.

సాయంత్రం అంగడి తలుపులు వేసినాక, బస్టాపులో నిలబడి ఒక మాట అడుగుతాను. పక్కనోళ్లకు వినపడకుండా, మెల్లగా.

"ఏమ్మా మునెమ్మా... యాడికి పోదాం?"

ఇంతవరకూ చెప్పలేదు.